వెదురు గడ ఎవరిది?



ఎవరి జ్ఞాపకార్థం కుటుంబం నెలకొల్పిన శాశ్వత నిధి తరఫున ఈరోజు ఇక్కడ కలిశామో, ఆ మాస్టారు చరిత్ర పాఠాన్ని రాజవంశాలతో కాకుండా పనిముట్లతో మొదలుపెట్టేవారని ఆయన దగ్గర చదువుకున్నవారు చెబుతారు. నాగలి, సారె, మగ్గం, కొలిమి ఇప్పుడు మన పాఠ్యపుస్తకాల్లోకి ఎంతోకొంత ఎక్కాయి. బుట్ట ఎక్కలేదు. దాన్ని అల్లినవాళ్ళు అసలే ఎక్కలేదు. అందుకే ఈ ఏటి ఉపన్యాసానికి బుట్ట అల్లకం చరిత్రను ఎంచుకున్నాను.

ఒక మాట ముందే చెబుతాను. ప్లాస్టిక్ వచ్చి బుట్టను చంపేసిందని మనమంతా అలవాటుగా అంటాం. ప్లాస్టిక్ చేసిన నష్టం నిజమే. కానీ ప్లాస్టిక్ బకెట్టు మన ఊళ్ళకు రావడానికి ఎన్నో దశాబ్దాల ముందే వెదురు గడ అల్లేవారి చేతిలోంచి జారిపోయింది. అదేమీ తనంతట తాను జారిపోలేదు. చట్టం రాసి, హద్దురాళ్ళు పాతి, రుసుము పెట్టి, ఆ తర్వాత మిల్లులకు కట్టబెట్టి తీసేసుకున్నారు. బుట్ట చరిత్ర రాయాలంటే వెదురు మీద హక్కు చరిత్ర రాయాలి. ఈ ఉపన్యాసమంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది.

అసలు బుట్టకు చరిత్ర ఎందుకు లేకుండా పోయింది? అది మట్టిలో కలిసిపోతుంది కాబట్టి. రాతి గొడ్డలి మిగులుతుంది, కుండపెంకు మిగులుతుంది, ఇనప మేకు తుప్పుపట్టయినా మిగులుతుంది. మన వానలకి, మన చెదలకి బుట్ట పదేళ్ళు నిలిస్తే గొప్ప. అందుకని పురావస్తు శాస్త్రవేత్తలు బుట్ట కోసం కాక బుట్ట ఒత్తిన గుర్తు కోసం వెతుకుతారు. చెక్ దేశంలోని పావ్‌లొవ్ అనే చోట సుమారు 27,000 ఏళ్ళ నాటి కాలిన మట్టిబెడ్డల మీద అల్లిక గుర్తులు దొరికాయి. అల్లినవాటి పోగు ఒక్కటి కూడా మిగల్లేదు. కశ్మీర్‌లోని బుర్జహోమ్‌లో నవీన శిలాయుగపు కుండల అడుగున చాప అచ్చులున్నాయి. కుండ పచ్చిగా ఉన్నప్పుడు చాప మీద పెట్టారన్నమాట. ఆ కుండ చేసేనాటికే ఆ ఊళ్ళో చాప అల్లేవాళ్ళు ఉన్నారు.

ఎండిపోయిన గుహల్లో మాత్రం కొన్ని బుట్టలు బతికాయి. యూదయ ఎడారిలోని మురబ్బాత్ గుహలో దొరికిన మూత బుట్ట గురించి 2021లో ప్రపంచమంతా చదివింది. దాని వయసు సుమారు 10,500 ఏళ్ళు. తొంభై లీటర్లకు పైగా పడుతుంది. ఆ ప్రాంతంలో కుండ ఇంకా పుట్టని కాలమది. స్పెయిన్‌లోని ఒక గబ్బిలాల గుహలో దొరికిన బుట్టలు 9,500 ఏళ్ళ నాటివని 2023లో తేల్చారు. అవి వ్యవసాయం ఎరగని వేటగాళ్ళ బుట్టలు. మనకు దగ్గరలో, బోలాన్ కనుమ దిగువనున్న మెహర్‌గఢ్‌లో కుండలు రాకముందటి సమాధుల్లో, నేలలో దొరికే తారు పూసిన బుట్టలు బయటపడ్డాయి. నీరు కారకుండా, గింజ రాలకుండా బుట్టకు పూత పూయాలని అప్పటికే తెలుసు. మన అమ్మమ్మలు కొత్త చేటకు మెంతులు నూరి పూసినప్పుడు, గాదెకు పేడ మెత్తినప్పుడు అదే తెలివి పనిచేసింది.

ఇక మన నేలకు వద్దాం. తెలుగు పల్లెలో బుట్ట లేని పని ఏది? విత్తనం మోసేది బుట్ట, పెంట మోసేది గంప, మట్టి మోసేది తట్ట. ధాన్యం చెరిగేది చేట, తెలంగాణలో చాట. అన్నం వార్చేటప్పుడు గంజి దిగేది సిబ్బిలోంచి, బతుకమ్మను పేర్చేదీ చాలా ఊళ్ళలో సిబ్బి మీదే. కోళ్ళను కమ్మేది గంప. చేపల కోసం నీళ్ళలో అదిమేది ఊత. మనిషెత్తు గాదెలు, గుమ్ములు అల్లి, ఎర్రమట్టి, పేడ కలిపి మెత్తి ఏడాది తిండిని దాచుకున్నారు. పల్లపు కాలువలోంచి మెరక పొలానికి నీళ్ళు తోడడానికి ఇద్దరు మనుషులు తాళ్ళు పట్టుకుని ఊపే గూడ కూడా ఒకప్పుడు అల్లినదే. పురిటి బిడ్డను చేటలో పడుకోబెట్టాం, పెళ్ళికూతుర్ని మేనమామ గంపలో మోసుకొచ్చాడు, పాడెకూ వెదురే కట్టాం. 1847లో కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1852కల్లా పూర్తి చేశాడని చదువుకుంటాం. డెల్టా కాలువల మట్టి కూలీల నెత్తి మీద తట్టల్లోనే కదిలింది. ఆ తట్టలు ఎవరు అల్లారో ఏ శిలాఫలకం మీదా లేదు.

ఎవరు అల్లారు? మైదానాల్లో ప్రధానంగా మేదరులు, అంటే మహేంద్రులు. వాళ్ళది వెదురు పని. ఎరుకలవారు వెదురుతో పాటు ఈత బరిగెలతో కూడా అల్లారు. ఆదిలాబాద్ కొండల్లో కోలాములు అల్లారు. గోండుల ఇళ్ళలోని బుట్టలు, తడకలు చాలావరకు కోలాముల చేతివే. ఇవి కాక కందికట్టెతో, వావిలి బరిగెలతో రైతులు తమకు తాము అల్లుకున్న ముతక గంపలు ఉండనే ఉన్నాయి. సన్నపని మాత్రం మేదరిదే.

ఆ పనిని కొంచెం దగ్గరగా చూద్దాం, ఎందుకంటే అల్లకం నైపుణ్యం కాదు, ఉత్త ఓపిక అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. గడను ఎంచుకోవడంతోనే సగం పని తేలిపోతుంది. మరీ లేతదైతే ఎండాక ముడుచుకుపోయి అల్లిక వదులవుతుంది. మరీ ముదిరితే చీల్చేటప్పుడు పెళుసుగా విరుగుతుంది. రెండు మూడేళ్ళ గడ కావాలి. అందులోనూ చలికాలంలో కొట్టింది మేలు. ఆ రోజుల్లో గడలో పిండిపదార్థం తక్కువగా ఉంటుంది, పిండి కోసం వచ్చే పుచ్చుపురుగు దాని జోలికి అంతగా రాదు. కొట్టిన గడను చెరువులో నానవేసేదీ ఆ పిండి దిగిపోవడానికే. ఇది రసాయనశాస్త్రం. పుస్తకంలో రాయలేదు గనక దీన్ని శాస్త్రం అనడం లేదు, అంతే.

తర్వాత చీల్చడం. చాలా ఇళ్ళలో ఇది మగవాళ్ళ పని, అల్లేది ఆడవాళ్ళు. కత్తిని గడ కొసలో దిగేసి, ఒక్కసారి తిప్పి, ఆ చీలికను చేత్తో, కాలితో నడిపిస్తారు. కణుపు దగ్గర చీలిక పక్కకు పారబోతుంది. అప్పుడు లావుగా ఉన్న వైపును వంచాలి, సన్నగా ఉన్న వైపును కదలనీయకూడదు. అలా వంచితే చీలిక మళ్ళీ నడిమికి వస్తుంది. పచ్చని పైపొర గట్టిది, లోపలి తెల్లపొర మెత్తనిది. అంచుకు, బరువు మోసే చోటికి పైపొర వాడతారు. లోపలిది మధ్యలో నింపడానికి పోతుంది. ఒకే గడలోంచి నాలుగైదు రకాల బద్దలు, పేళ్ళు తీస్తారు, దేనికేది కావాలో అల్లే మనిషికి ముందే తెలుసు.

ఇంకా ముచ్చటైన సంగతి అడుగు పరచడంలో ఉంది. బద్దలను ఒకదాని మీద ఒకటి చుక్కలా పేరుస్తారు. ఒక్కో బద్దకు రెండు కొసలు కాబట్టి ఎన్ని బద్దలు పరిచినా కొసల లెక్క సరిసంఖ్యే వస్తుంది. ఒకే పేడును ఒకటి పైన, ఒకటి కింద అంటూ చుట్టుకుంటూ పోయేటప్పుడు సరిసంఖ్య ఉంటే చిక్కొస్తుంది. రెండో చుట్టు మొదటి చుట్టు పోయిన దారినే పోతుంది. పైన పోయిన చోట మళ్ళీ పైనే, కింద పోయిన చోట మళ్ళీ కిందే. అలాంటి అల్లిక నిలవదు. లెక్క బేసి అయితే రెండో చుట్టు దానంతటదే తిరగబడి బిగుస్తుంది. అందుకని అల్లేవారు ఒక కొసను నిలువునా చీల్చి రెండు చేస్తారు. అంతటితో లెక్క బేసి అయిపోతుంది. బడికి పోని ఆడమనిషి చేతిలో ఈ గణితం రోజూ జరుగుతుంటే దాన్ని మనం గణితమని గుర్తించలేదు. బట్టకు మరమగ్గం వచ్చి నూరేళ్ళు దాటింది. గుండ్రటి బుట్టను అడుగు నుంచి అంచు దాకా ఈ చేతుల్లా అల్లే యంత్రం ఇప్పటికీ వాడుకలోకి రాలేదు.

ఇంత తెలివి ఉన్న పనికి మన సమాజం ఇచ్చిన స్థానం ఏమిటి? బౌద్ధ వినయపిటకంలో హీనమైన వృత్తుల జాబితా ఒకటుంది. అందులో మొట్టమొదట చెప్పింది బుట్టలల్లే పనినే. కుమ్మరం, నేత, తోలుపని, క్షౌరం దాని తర్వాత వస్తాయి. భిక్షువులు ఒకరినొకరు కించపరచుకోకూడదని చెప్పే సందర్భంలో ఆ జాబితా వచ్చిందన్నది నిజమే. కానీ ఏ పని పేరెత్తితే అవమానమవుతుందో జనానికి అప్పటికే బాగా తెలుసునని అది చెబుతోంది.

దానికి ఎదురు సాక్ష్యం రాతి మీద ఉంది, ఈ సభలో దాన్ని ప్రత్యేకంగా తలచుకోవాలి. శాతవాహనులు ఏలిన నేలలో, పుణె దగ్గరి జున్నర్ కొండల్లో బౌద్ధ గుహలున్నాయి. అక్కడి ఒక శాసనంలో దాత తన విరాళాన్ని రెండు వృత్తి శ్రేణుల దగ్గర పెట్టుబడిగా ఉంచాడు. ఒకటి కంచుపనివారి శ్రేణి, రెండోది వెదురుపనివారి శ్రేణి. అసలు తరగకూడదు, వచ్చే వడ్డీతో ధర్మకార్యం జరగాలి. ఈరోజు మనం కూర్చున్న ఈ సభ నడిచేదీ అచ్చం ఆ పద్ధతి మీదే. అంటే సుమారు పద్దెనిమిది, పంతొమ్మిది వందల ఏళ్ళ కిందట వెదురుపనివాళ్ళకు ఒక సంఘం ఉంది, ఆ సంఘానికి పరపతి ఉంది, శాశ్వత నిధిని నమ్మి చేతిలో పెట్టే గౌరవం ఉంది. ఇవాళ మేదరి సంఘం చేతిలో అలాంటి నిధిని ఎవరు నమ్మి పెడతారు? మధ్యలో ఏం జరిగిందన్నదే చరిత్రకారుడు తేల్చవలసింది.

పన్నెండో శతాబ్దపు కల్యాణ నగరంలో ఆ గౌరవం ఇంకో రూపంలో మళ్ళీ కనిపిస్తుంది. బసవేశ్వరుని చుట్టూ చేరిన శరణుల్లో, అంటే శివభక్తుల్లో, మేదర కేతయ్య ఒకరు. బుట్టలల్లడమే ఆయన కాయకం, ఆయన చెప్పిన వచనాలు నిలిచాయి. చేసే పనే పూజ అనే ఆ ఉద్యమం అల్లేవాడికి గొంతునిచ్చింది. ఆ గొంతు మన పాఠ్యాంశాల్లో ఎందుకు లేదో తెలుగు, కన్నడ ఆచార్యులే చెప్పాలి.

ఎరుకలవారి కథ మరో దారి పట్టింది. ఎరుకలసాని అనగానే చేతిలో బుట్ట, కర్ర గుర్తుకొస్తాయి. శ్రీనివాస కల్యాణ కథలో సాక్షాత్తు వేంకటేశ్వరుడే ఆ వేషం వేసుకుని పద్మావతి ఇంటికి వెళ్ళాడు. 1909లో దక్షిణాది కులాలు, తెగల మీద థర్‌స్టన్, రంగాచారి సంపుటాలు వచ్చేనాటికి వాళ్ళలో వృత్తి పేర్లతో శాఖలున్నాయి. వెదురుపని చేసే దబ్బ ఎరుకల, ఉప్పు మోసే ఉప్పు ఎరుకల, కరివేపాకు అమ్మే ఎరుకల, నేతగాళ్ళకు కుంచెలు కట్టే కుంచె ఎరుకల. సముద్రతీరం నుంచి ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద లోపలి ఊళ్ళకు చేరవేసి, బదులు ధాన్యం తెచ్చుకునేవారు. కంపెనీ వాళ్ళు, ఆ తర్వాత ప్రభుత్వం ఉప్పును గుత్తకు తీసుకున్నారు, తర్వాత రైలు వచ్చింది. ఆ వ్యాపారం అడుగంటిపోయింది. అటుపక్క అడవి మూసుకుపోయింది. తిరుగుతూ బతికేవాళ్ళకు తిరగడానికి కారణమే లేకుండా చేసి, తిరుగుతున్నారన్న నేరం మోపారు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు 1910ల్లో సాల్వేషన్ ఆర్మీ చేతుల మీదుగా వెలిశాయి. హాజరు పట్టీలు, అనుమతి చీటీలు వచ్చాయి. పని నేర్పి బాగుచేస్తామన్నది అప్పటి మాట. ఆ మాట ఎవరితో అన్నారు? తరతరాలుగా పని వచ్చినవాళ్ళతో. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం రద్దయింది. ముద్ర మాత్రం ఒక్క రోజులో చెరిగిపోలేదు. సినిమాలు కూడా దాన్ని చాలాకాలం బతికించాయి, అది మనమంతా సిగ్గుపడాల్సిన సంగతి.

ఇప్పుడు అడవి దగ్గరికి వస్తాను. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. దానికి ముందు అడవి ఎవరిదీ కాదని కాదు, జమీందార్లు, ముఠాదార్లు ఉన్నారు, వాళ్ళకూ ఏదో ఒకటి ముట్టజెప్పాల్సిందే. కానీ గడ కోసం వెళ్ళే మేదరి దొంగ కాదు. రిజర్వు అడవులు ఏర్పడ్డాక రుసుము లేకుండా గడ కొడితే నేరమైంది. పల్నాడులో పుల్లరి మీద రైతులు తిరగబడ్డారు, 1922లో కన్నెగంటి హనుమంతు ప్రాణమిచ్చాడు, ఆ కథ మనకు తెలుసు. పశువుల మేత కోసం జరిగిన పోరాటం చరిత్రకెక్కింది. గడ రుసుము కట్టలేక కత్తి పక్కన పెట్టిన మేదరి ఇంటి సంగతి ఎక్కలేదు. ఆ ఇళ్ళు ఊరికి ఒకటి రెండు మాత్రమే. తిరగబడడానికి మంది కూడా లేరు.

1927 నాటి భారత అటవీ చట్టం వెదురును చెట్ల జాబితాలో చేర్చింది. వెదురు వృక్షశాస్త్రం ప్రకారం గడ్డి. కానీ చట్టం కంటికి అది చెట్టు. కాబట్టి దాన్ని కొట్టాలన్నా, తరలించాలన్నా కలప నియమాలే. ఈ నిర్వచనం మారడానికి తొంభై ఏళ్ళు పట్టింది.

అదే కాలంలో వెదురుకు కొత్త గిరాకీదారు వచ్చాడు. డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో వెదురును గుజ్జు చేసి కాగితం తీసే పద్ధతిని మెరుగుపరిచారు. 1925లో వెదురు కాగితం పరిశ్రమకు రక్షణ కల్పిస్తూ ఏకంగా ఒక చట్టమే చేశారు. రాజమండ్రిలో కాగితం మిల్లు 1920ల్లో మొదలైంది. నిజాం రాజ్యంలో సిర్పూరు మిల్లు 1940ల్లో ఉత్పత్తికి వచ్చింది, దాని చుట్టూ వెలసిన ఊరికి కాగజ్‌నగర్ అనే పేరే పడింది. కాగితం అక్కర్లేదని నేను అనను. ఈ ఉపన్యాసం అచ్చయ్యేదీ కాగితం మీదే. నా అభ్యంతరమల్లా ధర మీద. మిల్లులకు దీర్ఘకాలపు ఒప్పందాల మీద అడవిని గంపగుత్తగా రాసిచ్చారు. అల్లేవాడు మాత్రం గడకింత అని లెక్కగట్టి కొనుక్కోవాలి.

ఈ తేడా ఎంతటిదో పక్క రాష్ట్రంలో ఒక శాస్త్రవేత్త లెక్క తీశాడు. 1970ల నడుమ కర్ణాటకలో మేదరులు వెదురు దొరకడం లేదని, మిల్లులు మింగేస్తున్నాయని ప్రభుత్వానికి మొరపెట్టుకున్నారు. పరిశీలించమని ప్రభుత్వం పర్యావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్‌ను కోరింది. మిల్లుకు టన్ను వెదురు రూపాయిన్నరకు ఇస్తున్నారని ఆయన రాశారు. బుట్టలల్లేవాళ్ళు బజారులో కొనే ధర దానికి వందల రెట్లు. అంతకన్నా కళ్ళు తెరిపించే సంగతి ఇంకొకటి ఆయన ఉత్తర కన్నడ అడవుల్లో చూశారు. ముళ్ళ వెదురు పొద మొదట్లో ముళ్ళకంప దట్టంగా అల్లుకుని ఉంటుంది. గ్రామస్థులు ఆ కంపను ముట్టుకోకుండా దానికి పైన గడ కొట్టుకునేవారు. మిల్లు కూలీలు, అటవీశాఖ చెప్పిన పద్ధతి ప్రకారం, పొదలో గాలి ఆడాలని కంపను శుభ్రంగా నరికేశారు. దాంతో వానకు మొలిచిన లేత వెదురు కొమ్ములను పశువులు, అడవి జంతువులు తినేశాయి. ఆ కంప పిల్లగడకు కంచె అని గడ కొట్టుకునేవాళ్ళకు తెలుసు, శాస్త్రీయ యాజమాన్యానికి తెలియలేదు. అల్లేవాడిని అడవి నుంచి దూరం చేస్తే పోయింది అతని కూడు ఒక్కటే కాదు. పొదను ఎలా కాపాడాలో తెలిసిన మనిషీ పోయాడు.

ఆ తర్వాతి కథ క్లుప్తంగా చెబుతాను. వెదురు తరిగాక మిల్లులు క్రమంగా సుబాబుల్, జామాయిల్, సరుగుడు తోటల వైపు మళ్ళాయి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించింది. 2011 ఏప్రిల్‌లో మన పొరుగున గడ్చిరోలి జిల్లాలోని మేంఢా లేఖా గ్రామసభ తన వెదురును తానే కొట్టి, తన అనుమతి చీటీ మీద తానే అమ్ముకునే హక్కు సాధించింది. 2017లో అడవి బయట పెరిగే వెదురును చెట్టు నిర్వచనం నుంచి తీసేశారు. ఇవన్నీ మంచి మార్పులే. కానీ ఒక ఖాళీ మిగిలిపోయింది. అటవీ హక్కుల చట్టం అడవిలో నివసించేవారికి వర్తిస్తుంది, అది న్యాయమే. మైదానంలో, పట్టణంలో మేదరి వీధిలో ఉండే కుటుంబం ఆ చట్టం గడపలోకి రాదు. అటు అడవి మనిషిగా లెక్కలోకి రాదు, ఇటు రైతు కాడు కనుక సొంతంగా వెదురు వేసుకోవడానికి సెంటు భూమి ఉండదు. చట్టాలు మారినా అతనికి గడ బజారు ధరకే.

ఆ మధ్య గోదావరి జిల్లాలో ఒక రోడ్డు పక్కన అల్లుకుంటున్న పెద్దావిడ దగ్గర కూర్చున్నాను. ప్లాస్టిక్ వల్ల అమ్మకాలు పడిపోయాయా పిన్నిగారూ అని అడిగాను. “అమ్ముడుపోక కాదు బాబూ. పెళ్ళిళ్ళ సీజన్లో అడిగినన్ని ఇవ్వలేకపోతన్నాం. గడేదీ? లారీ వచ్చినప్పుడు కొనుక్కోవాలి, మంచీ చెడ్డా ఏరుకోనివ్వరు. మోపు మోపంతా ఎత్తుకోవాల్సిందే. సగం గడ పొయ్యిలోకే పోద్ది” అంది. ఇలాంటి జవాబు నేను ఒక్క చోట వినలేదు.

ప్లాస్టిక్ దెబ్బ లేదని అనడం లేదు. మామిడి, టమోటా, చేప ఒకప్పుడు బుట్టల్లోనే ఊరు దాటేవి. ఆ గిరాకీ పెట్టెలకు, క్రేట్లకు పోయింది. గూడకు బదులు మోటారు వచ్చింది, గాదెకు బదులు గోనెసంచి వచ్చింది. వాటిని వెనక్కి తెమ్మని అడగడం అన్యాయం, గూడ ఊపడం నడుములు విరిచే పని. అయితే అల్లిక ఇంకా నిలిచిన చోటు ఒకటి చూపిస్తాను. హిందూపురం, మదనపల్లె వైపు పట్టుపురుగులు పెంచే రైతు ఇంటికి వెళ్ళండి. పురుగులకు మల్బరీ ఆకు పరిచేది కొన్ని ఇళ్ళలో వెదురు తట్టల్లో. గూడు కట్టే వేళకు వాటిని చంద్రికల మీదికి మారుస్తారు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున్న వెదురు తడక మీద, రెండంగుళాల ఎత్తున్న సన్నని అల్లిక పట్టీని నడుమ నుంచి చుట్టలు చుట్టలుగా నిలబెట్టి కుడితే అది చంద్రిక. ఆ చుట్టల మధ్య సందుల్లో దాదాపు వెయ్యి పురుగులు ఎవరి చోటు వారు చూసుకుని గూళ్ళు కడతాయి. పురుగు వదిలే తేమను వెదురు పీల్చుకుంటుంది, గాలి ఆడుతుంది, గూడు మరక పడదు. ప్లాస్టిక్ చంద్రికలూ వచ్చాయి, కడగడం తేలిక, ఎక్కువ కాలం మన్నుతాయి. అయినా వెదురు చంద్రికను ఇష్టపడే రైతులున్నారు. ధర్మవరం చీర మీద పట్టు వెనకాల, మగ్గం వెనకాల, రీలింగు బాయిలరు వెనకాల ఒక మేదరి చెయ్యి కూడా ఉందని చీర కొనేవారికి ఎవరూ చెప్పరు.

పేరు చెప్పకపోవడం గురించి ఒక్క మాట. జపాన్‌లోనూ బుట్ట ఒకప్పుడు పొలం సామానే. టీ సంప్రదాయంలో పూలబుట్టకు విలువ వచ్చాక, పంతొమ్మిదో శతాబ్దంలో అల్లేవారు తమ బుట్టల అడుగున పేరు చెక్కడం మొదలుపెట్టారు. బెప్పు పట్టణానికి చెందిన షోనో షోఉన్‌సాయ్‌కి 1967లో ఆ ప్రభుత్వం సజీవ జాతీయ సంపద అనే గౌరవం ఇచ్చింది. వెదురు కళలో ఆ గౌరవం పొందిన మొదటివాడు ఆయనే. మన మ్యూజియాల్లో చేటలు, గుమ్ములు, ఊతలు ఉన్నాయి. వాటి కింద చీటీ మీద వస్తువు పేరుంటుంది, జిల్లా పేరుంటుంది, ఒక్కోసారి కులం పేరుంటుంది. మనిషి పేరుండదు. శిల్పానికి శిల్పి పేరు దొరక్కపోతే బాధపడే మనం, నిన్న మొన్న కొన్న బుట్టకు కూడా పేరు రాసుకోలేదు. ఇది నిర్లక్ష్యం కాదు, అలవాటైన చిన్నచూపు. వినయపిటకం నాటి జాబితా ఇంకా మన చీటీల మీద ఉంది.

మేదరి పిల్లలు ఈ పని నేర్చుకోవడం లేదని కొందరు విచారపడుతుంటారు. నేను విచారపడను. చదువుకుని వేరే ఉద్యోగాలకు పోయే హక్కు వాళ్ళకుంది, కులం కట్టిన వృత్తిలో వాళ్ళను ఉంచే హక్కు మనకు లేదు. చేయాలనుకున్నవారికి, వాళ్ళు ఏ కులం వారైనా, గడ సరసమైన ధరకు దొరకాలి. అంతే నేను అడిగేది. అటవీశాఖ డిపోల్లో వెదురును వేలం వేసేటప్పుడు మొదటి వాటా అల్లేవారి సంఘాలకు ముందే కట్టిన ధరకు ఇవ్వాలి. ఏరుకునే వీలుండాలి, మోపుల లెక్కన అంటగట్టకూడదు. కాలువ గట్ల మీద, పంచాయతీ బంజరుల్లో వెదురు వేసే పథకాల్లో వాళ్ళ పేర్లు హక్కుదారులుగా ఉండాలి, కూలీలుగా కాదు. కంపను కొట్టెయ్యకుండా గడ తీసే పద్ధతిని అటవీ సిబ్బంది శిక్షణలో వాళ్ళ చేతే చెప్పించాలి.

చివరిగా ఈ నిధి నిర్వాహకులకు ఒక విన్నపం. ఏటా ఈ వేదిక మీద మాలాంటివాళ్ళం వచ్చి మాట్లాడి వెళుతున్నాం. వచ్చే ఏడాది ఉపన్యాసం బదులు ఒక మేదరి పెద్దావిడను పిలవండి. మూడు రోజులు ఈ కళాశాలలో ఉండనివ్వండి. గణిత శాఖ, వృక్షశాస్త్ర శాఖ, చరిత్ర శాఖ విద్యార్థులు ఆమె దగ్గర కూర్చుని అడుగు పరచడం నుంచి అంచు కట్టడం వరకు నేర్చుకోనివ్వండి. ఉపన్యాసకుడికి ఇచ్చే గౌరవ పారితోషికం, శాలువా, ప్రయాణ ఖర్చు ఏదీ తగ్గించకండి. కార్డు మీద ఆమె పేరు ఇంటిపేరుతో సహా అచ్చు వేయించండి. గడ మాత్రం ముందే తెప్పించి చెరువులో నానబెట్టించండి, చలికాలంలో కొట్టిందే కావాలని ఆవిడ అడుగుతుంది.